తడవకూడని లైఫ్ జాకెట్లు

మత్స్యశాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: స్టోరులో తాళం వేసి ఉన్న నలభై లైఫ్ జాకెట్లను రేపు ఉదయం ఆరు గంటలలోపు పడవలవారికి ఇప్పించుట గురించి.

రేవులో చేపల పడవ నడుపుకొనే కుటుంబంలో చిన్నవాడినైన నేను తమ దృష్టికి తెచ్చునది ఏమనగా:

1. సదరు జాకెట్లు చలికాలం మొదట్లోనే వచ్చినవి. సంతకం పెట్టి తీసుకుని, అదే సాయంత్రం తిరిగి అప్పగించవలెనని నిబంధన. స్టోరు తెరిచేది పదింటికి. పడవలు కదిలేది ఆరింటికి.

2. పైగా పొడిగా అప్పగించవలెనట. స్టోరు గుమాస్తా గారు నాతో అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నీళ్లలో తడిస్తే పాడైపోతాయి బాబూ. రేపు ఆడిట్‌లో జవాబు ఎవరు చెప్పుకోవాలి, నువ్వా నేనా?" ఇంకా ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ప్రజల ప్రాణాలను గదిలో పెట్టి, ఆ గదికి కాపలా కాసే ఈ కుళ్లిన వ్యవస్థ... క్షమించాలి. అర్జీలో ఇలా రాయకూడదని తెలుసు.

3. గురువారం ఉదయం మా బాబాయి వల లాగుతూ నీళ్లలో పడ్డాడు. చలికి వేళ్లు కొంకర్లు పోయి, అందించిన తెడ్డు పట్టుకోలేకపోయాడు. చల్లటి నీళ్లు దూరకుండా బూట్ల పైఅంచును తాడుతో బిగించి కట్టుకోవడం మావాళ్ల అలవాటు. ఆ ముడి ఊడలేదు. బూట్లు నీళ్లు నిండి కిందికి లాగాయి. నాన్న కాలరు పట్టి పైకి ఈడ్చేసరికి బాబాయికి మాట పడిపోయింది.

4. ఒడ్డుకు తెచ్చాక ఒకరు సారా తాగించబోయారు, ఇద్దరు కాళ్లు రుద్దారు. రెండూ తప్పే. తడిబట్టలు తీసి, ఎక్కువ కదపకుండా పడుకోబెట్టి, ముందు ఛాతీకి వెచ్చదనం అందించాలని తమ శాఖ కరపత్రంలోనే ఉంది. అది నా జేబులో ఉంది. తీసి గట్టిగా చదివాను. ప్రతిదానికీ ఏదో ఒకటి చదివి వినిపిస్తానని రేవులో నా పేరే 'కరపత్రం'. ఎవరూ తలెత్తలేదు. రెండో పేరాలో ఉండగా పిన్ని కాగితం లాగేసి, "చదివింది చాల్లేరా, ముందు మీ బాబాయి చొక్కా విప్పు" అంది. అంతవరకు నాకు తట్టలేదు. ఈ ఫిర్యాదు నా మీద. దీన్ని కూడా నమోదు చేయగలరు.

5. బాబాయి బతికాడు. వేళ్లకు స్పర్శ లేదు, ముడి వేయలేడు. పడవకు ఇద్దరు మనుషులు కావాలి. రేపటి నుంచి నాన్న పక్కన ఆ రెండో మనిషిని నేను.

కావున ఈ సాయంత్రమే తాళం తీయించి, తడిసిన జాకెట్లను తడిసినట్టే తిరిగి తీసుకొమ్మని ఉత్తర్వు ఇప్పించగలరని వేడుకుంటున్నాను. ఇది దయ కాదు, హక్కు. అయినా వేడుకుంటున్నాను. స్టోరు తెరిచే వేళకు కాదు, పడవ కదిలే వేళకు ముందే చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
రేవులో కరపత్రం అంటే ఎవరైనా చూపిస్తారు.

తా.క.: ఇది నాన్నకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "నీకు ఈత రాదని రాశావా?" అన్నాడు. ఇది నలభై మంది సమస్య, నా ఒక్కడిదే కాదన్నాను. "రాయి" అన్నాడు. నా బూట్ల తాళ్లు తీసి పక్కన పెట్టాడు.

నాకు ఈత రాదండి.