గేటు లోపల ఆయమ్మని

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. నువ్వూ, నాన్నా, తమ్ముడూ, నెలలు నిండిన మరదలూ క్షేమమని తలుస్తాను. 'క్షేమం' అని రాశాక కలం కాసేపు పక్కన పెట్టాను. ఉత్తరం అన్నాక ఆ మాట రాయాలి కదా, రాశాను.

నువ్వు అడిగినవి వరసగా చెప్తాను. నా దగ్గు తగ్గింది. కొత్త ఇల్లు ఇరుకే కానీ గాలి బాగా వస్తుంది. ఆయనకు ఫ్యాక్టరీలో పగటి డ్యూటీయే. నీ మనవరాలు, మన బుడంకాయ్, కంచంలో పెట్టింది పెట్టినట్టు తినేస్తోంది, ఏ పేచీ లేదు. నువ్వు సంతోషిస్తావు. నాకేమో పేచీ పెడితే బాగుండుననిపిస్తోంది.

నా ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. నేను ఆయాగా చేరబట్టే మన పిల్లకు ఆ బడిలో సీటు దొరికింది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఏడ్చే కొత్త పిల్లల్ని తల్లుల చంకల్లోంచి అందుకోవడం నా పని. నవ్వకు, అందులోనూ పనితనం ఉంది. 'అమ్మ ఇప్పుడే వస్తుంది' అని అబద్ధం చెప్పకూడదు. అన్నం తిన్నాక, పడుకుని లేచాక, బెల్లు కొట్టాక వస్తుందని వరస చెప్పాలి. తల్లి చేతిరుమాలు ఒకటి పిల్ల చేతిలో పెట్టాలి. ఏడుపు ఆపమనకూడదు, పక్కన కూర్చోవాలి. దొంగచాటుగా వెళ్లిపోకండి, చెప్పి వెళ్లండి, లేకపోతే పిల్లలకు మనమీద నమ్మకం పోతుందని తల్లులకు కూడా నేనే చెప్తాను. నెల తిరక్కుండానే నాకు మంచి పేరొచ్చింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, ఆ బల్లిని నేనేనమ్మా.

చేరిన రోజే పెద్ద మేడమ్ ఒక మాట చెప్పింది. బడిలో నీ కూతురు నిన్ను అమ్మా అని పిలవకూడదు, ఒక్కరు పిలిస్తే మిగతా నలభై మందికీ అమ్మ గుర్తొస్తుంది అంది. ఆవిడ చెడ్డమనిషి కాదు, అన్న మాటలో న్యాయం కూడా ఉంది. నేను ఇంటికొచ్చి పిల్లకు దాన్ని ఆటలా చెప్పాను. గేటు లోపల నేను ఆయమ్మని, గేటు బయట అమ్మని. బెల్లు కొడితే ఆట అయిపోతుంది. చప్పట్లు కొట్టి ఒప్పుకుంది. నాలుగున్నరేళ్ల పిల్ల ఒక్కసారి కూడా ఆట తప్పలేదు. కొత్త బడి, కొత్త ముఖాలు. తల్లేమో కళ్లముందే వేరే పిల్లల ముక్కులు తుడుస్తోంది. పిల్ల గోడ పక్కన నిలబడి పెదవి బిగపట్టి చూసేది. గేటు దాటగానే మీదికి దూకి, ఇల్లు చేరేదాకా గుక్క తిప్పుకోకుండా అమ్మా అమ్మా అని పిలిచేది. రోజంతా దాచుకున్న పిలుపులన్నీ అప్పుడే.

ఇక నీకు రాయకుండా దాచింది రాస్తాను. పోయిన ఉత్తరంలోనే రాయాల్సింది, చెయ్యాడలేదు.

పదకొండు రోజుల కిందట బడిలో పిల్ల జారుడుబల్ల మెట్టు మీంచి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. నేను గేటు దగ్గర ఎవరో కొత్త పాపను ఎత్తుకుని ఉన్నాను. కుంటుకుంటూ వచ్చి నా కొంగు పట్టుకుంది. ఏమీ పిలవలేదు, కొంగు మాత్రం పట్టుకుంది. ఆ పాప తల్లి చూసి, "ఈ పిల్ల నీ కూతురా? నిన్నే చూస్తోంది" అంది. పక్కనే పెద్ద మేడమ్ ఉంది.

"కాదండీ. ఇక్కడ పిల్లలందరూ ఇంతే" అన్నాను.

అని ఊరుకున్నా బాగుండేది. కొంగు మీంచి దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. అది ఎవరూ చెయ్యమనలేదు, నేనే చేశాను. నిజం చెప్పినా మేడమ్ ఏమీ అనేది కాదేమో. పిల్ల నా ముఖంలోకి ఒకసారి చూసి, వెళ్లి గోడ పక్కన నిలబడింది. ఏడవలేదు.

బెల్లు కొట్టాక గేటు బయట చేతులు చాపి, ఆట అయిపోయింది రావే అన్నాను.

"పర్లేదు ఆయమ్మా, నేను నడుస్తాను" అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా నేను ఆయమ్మనే. ఆయమ్మా నీళ్లు, ఆయమ్మా జడ. కోపంగా కూడా కాదు, మర్యాదగా. ఆ మర్యాదే నన్ను కాల్చుకు తింటోంది. ఆట మానేద్దామని బతిమాలాను, తప్పయిందన్నాను. తలూపుతుంది, మళ్లీ అదే పిలుపు. ఆయన మొదట నవ్వారు, ఇప్పుడు నవ్వడం లేదు. మేడమ్‌తో చెప్పుకుంటే, పాప చక్కగా కుదురుకుంది, అసలు ఏడవదు, అందరికంటే నయం అంది. ఏడ్చే పిల్లకంటే ఏడవని పిల్లను చూసి ఎక్కువ భయపడాలని పదిమంది తల్లులకు చెప్పినదాన్ని నేను. పని మానేస్తే సీటు పోతుంది, మళ్లీ ఇంకో బడి, మళ్లీ మొదటి రోజు. మానకపోతే రోజూ ఆ గోడ పక్కన దాన్ని చూడాలి. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. మరదలు ఇలా ఉండగా నిన్ను రమ్మనలేను. వచ్చినా దీనికి మందు నీ దగ్గర మాత్రం ఏముంటుంది.

'పిల్ల నన్ను తలుచుకుంటోందా' అని అడిగావు. ఈ ఉత్తరం రాస్తుంటే ఇందాకే వచ్చి పక్కన కూర్చుంది. ఎవరికి రాస్తున్నావంది. అమ్మమ్మకని చెప్పాను.

"అమ్మమ్మ నీకేమవుతుంది?"

"మా అమ్మ."

"నువ్వు పిలిస్తే పలుకుతుందా?"

"పలుకుతుంది."

"బడిలో కూడానా?"

నా ముఖంలోకి చూసి, లేచి అవతలికి వెళ్లిపోయింది.

ఉంటానమ్మా. నాన్నకు నా నమస్కారాలు. జవాబు రాసేటప్పుడు పైన ఎప్పటిలాగే 'అమ్మడూ' అని పిలిచి రాయి.

ఇట్లు,
నీ కూతురు