విశ్రాంతమ్మ, వయసు 7, బరువు 14

టేకులపల్లి
10 ఫిబ్రవరి 2025, సోమవారం

తమ్ముడు జయరాజ్‌కు,

అక్క ఫ్లోరెన్స్ రాసేది. ఇక్కడ మేము క్షేమంగ లేము. అక్కడ నువ్వు క్షేమంగనే ఉంటవని తెలుసు కాబట్టి అడుగుతలేను.

ఫోన్ ఉండంగ ఉత్తరమేందని అనుకోకు. ఫోన్ల నువ్వు అన్నమాట తెల్లారేసరికి అనలేదంటవు. కాగితం మీద ఆ సౌకర్యం ఉండదు. కొత్తగూడెం బస్సు నడిపే వీరన్న రోజూ ఖమ్మం వస్తడు, పోతడు. ఇస్తడు, తెస్తడు. జవాబు కూడ కాగితం మీదనే రాయి.

అమ్మకు గుండె బలహీనమైంది, కాళ్ళల్ల నీరు చేరుతుందని మీ ఖమ్మం డాక్టర్ చెప్పి ఐదు వారాలాయె. పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి నీరు దిగే గోలీ. నా చేతితోనే నోట్ల వేసి, నీళ్ళు తాపి, బుక్కుల టిక్కు పెడుతున్న. రోజుకు లీటరు నీళ్ళు, ఉప్పు లేని కూర. చీలమండ చుట్టుకొలత టేపుతోని కొలుస్తున్న. జనవరి 6న ఇరవై ఆరు సెంటీమీటర్లు. ఇయ్యాల ఇరవై ఎనిమిది. ఆ పేజీ కాపీ ఇందుల పెట్టిన, డాక్టర్‌కు చూపించు.

ఇంకోటి. అమ్మ పెంచుకున్న కుక్క సుక్కికి కూడ బాగలేదు. నెలరోజులకెల్లి గంటకోసారి ఉచ్చ పోసుడు, కుండెడు నీళ్ళు తాగుడు. ఇప్పుడు లేచి నిలబడతలేదు. బుక్కుల దానికో కాలమ్ గీసిన, అమ్మ కాలమ్ పక్కనే. సుక్కి లేస్తే గాని అన్నం ముట్టనని అమ్మ గోడకు తిరిగి పడుకుంది. బుధవారం దాన్ని కొత్తగూడెం పశువుల దవాఖానాకు తీసుకపోవాలె. మీ బావ ఆంథోనికి గనిల డ్యూటీ. అమ్మను ఒంటరిగ వదిలే పరిస్థితి లేదు. నువ్వొచ్చి ఒక్క పూట కూసోవాలె. ఒక్క పూట.

నిన్ను నమ్మని నీ అక్క,
ఫ్లోరెన్స్

తా.క.: "వాపు తగ్గంగనే అమ్మను మా ఇంటికి తీసుకపోత" అని క్రిస్మస్‌కు అన్నవు. నోట్ల కేకు ఉండె కాబట్టి సరిగ వినబడలేదు. అది కూడ రాసి పంపు.


ఖమ్మం
11 ఫిబ్రవరి, మంగళవారం

పూజ్యురాలైన అక్కకు,

తమ్ముడు జయరాజ్ వందనాలు. దేవుని కృపవల్ల మేమంతా బాగున్నం. నువ్వడగకపోయినా చెప్పుట నా ధర్మం.

నీ ఉత్తరం అందింది. ఆఫీసుల ఆడిట్ నడుస్తుంది. సెక్షన్ మొత్తం నా మీదనే ఆధారపడి ఉంది. బుధవారం రావడం కుదరదు. అయినా అక్కా, కుక్క ముఖ్యమా, అమ్మ ముఖ్యమా? కాస్త ఆలోచించు. తెలిసిన ఆటోవాడు ఉంటే కుక్కను ఒక్కదాన్నే పంపొచ్చు కదా. పోయి చూపించుకొని వస్తది.

అమ్మ పేజీ డాక్టర్‌కు వీలు చూసుకొని చూపిస్త.

నువ్వు కోరినది కింద రాస్తున్న:

ఇందుమూలంగా తెలియజేయునదేమనగా, అమ్మ కాళ్ళ వాపు తగ్గిన వెంటనే ఆమెను ఖమ్మం తీసుకొని వచ్చెదను. మా అపార్ట్‌మెంట్‌లో కుక్కలకు అనుమతి లేనందున సుక్కి మీ వద్దనే ఉండగలదు.

ఇట్లు,
నీ విధేయుడైన తమ్ముడు,
జయరాజ్

తా.క.: పండుమిర్చి పచ్చడి సీసా ఖాళీ అయిందని మీ మరదలు బ్లెస్సీ చెప్పమంది. వీరన్న ఎట్లాగూ వస్తుండు.


టేకులపల్లి
12 ఫిబ్రవరి, బుధవారం

జయరాజ్‌కు,

నీ విధేయత అందింది. అమ్మకు చదివి వినిపించిన. తీసుకొని వచ్చెదను అన్న ముక్క మూడుసార్లు చదివిన, సంతోషిస్తదని. ఆమె దుప్పటి ముఖం మీదికి గుంజుకుంది.

నువ్వు లేకపోతే సెక్షన్ ఆగిపోతదంటివి. నువ్వుండంగ అది ఎన్నడు నడిచిందో ఆడిటోళ్ళు రాస్తరు, చదువుకుంట.

ఇయ్యాల పక్క తండా పూలి తన చేన్ల మిర్చి కోత వదిలి వచ్చి అమ్మ దగ్గర కూసున్నది. పూలికి మనం ఏమైతమని? ఏం కాము. నువ్వైతే కొడుకువు. సుక్కిని దుప్పట్ల చుట్టి ఒడిల పెట్టుకొని కొత్తగూడెం పోయిన. ఒంట్ల నీళ్ళే లేవని డాక్టరమ్మ చెప్పింది. సెలైన్ పెట్టింది. రేపు, ఎల్లుండి కూడ రమ్మంది. నన్ను చూసింది, కుక్కను చూసింది, మళ్ళ నన్నే చూసింది. నేను తాపుతలేనని అనుకున్నట్టుంది. బుక్కు తీసి ముందర పెట్టిన. రోజుకు ఎన్ని చెంబులో చదువుకొమ్మన్న.

నేను కుక్క పేరు చెప్పి నిన్ను పిలుస్తున్ననని నీకు అనుమానం. దవాఖానా చీటీ జతపరిచిన. కండ్లతోని చూసుకో. శనివారమన్న రా.

రెండు రోగాల నడుమ ఒక్కతే మనిషి,
ఫ్లోరెన్స్

తా.క.: పచ్చడి పంపుతలేను. సుక్కిని ఆటోల ఒక్కదాన్నే పంపినప్పుడు దాని మెడకు సీసా కట్టి పంపుత.


ఖమ్మం
13 ఫిబ్రవరి, గురువారం

అక్కా,

వందనాలు పెట్టే స్థితిల లేను.

చీటీ చూసిన. ఇంత జరిగితే ముందే ఎందుకు చెప్పలేదు? "పేరు: విశ్రాంతమ్మ, టేకులపల్లి. ఆడ. వయసు 7. బరువు 14." వయసు డెబ్బై ఆరుల ఆరు ఎగిరిపోయిందని, బరువు 41ని తిప్పి రాసిండ్రని వెంటనే అర్థమైంది. ఇరవై ఏండ్లు ఫైళ్ళు చూసినోన్ని. కానీ క్రిస్మస్‌కు అమ్మ యాభై ఎనిమిది ఉండె! నలభై ఒకటికి దిగిందా?

దాని కింద రాసింది రెండుసార్లు చదివిన. "రేబిస్ టీకా వేయించలేదు, వెంటనే వేయించాలి. కరిచే అవకాశం ఉంది, నోటికి తాడు కట్టి తీసుకురావాలి. గొలుసు తప్పనిసరి."

సుక్కి అమ్మను కరిచింది. అది నా నుంచి దాచినవ్. అమ్మను గొలుసుతోని కట్టి బస్సుల తీసుకపోయినవా? పది మంది ఉండే బస్సుల? అమ్మ ఎవరినన్న కరిచిందా?

సాయంత్రం ప్రార్థన కూడికల లేచి నిలబడి అంతా చెప్పిన. గుడి మొత్తం ఏడ్చింది. స్త్రీల సమాజం వాళ్ళు శుక్రవారమే వ్యాన్ కట్టుకొని మీ ఇంటికి వస్తుండ్రు. నేను రాలేను. ఆడిట్.

దుఃఖంల,
జయరాజ్

తా.క.: అమ్మ నీళ్ళను చూస్తే భయపడుతుందా? రోజుకు లీటరే తాగుతుందని నువ్వే రాసినవ్. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.


టేకులపల్లి
15 ఫిబ్రవరి, శనివారం

జతపరిచినవి తప్ప ఇంకేమీ చదవని మహానుభావుడు జయరాజ్‌కు,

నిన్న సుక్కిని ఎత్తుకొని ఆటో దిగిన. వాకిట్ల పదకొండుమంది తెల్లచీరలు, చేతుల బత్తాయిలు. ఒక్కరు గడప దాటలేదు. అమ్మ లోపట్నుంచి "రండమ్మా, రండి" అని చేతులు చాపుతుంది. ఆమె పిలిచినకొద్ది వీళ్ళు వెనకకు జరుగుతుండ్రు. బత్తాయిలు ఒకటొకటి దూరంనుంచి లోపలికి దొర్లిచ్చిండ్రు. అంతట్ల నా చేతిల కుక్కను చూసిండ్రు. వాకిట్ల ఒక్కరు మిగిలితే ఒట్టు. రోడ్డు మీద నిలబడి ప్రార్థన చేసిండ్రు, వ్యాన్ డ్రైవర్ ఇంజన్ బంద్ చెయ్యలేదు.

పశువుల దవాఖానాల చీటీ జంతువు పేరు మీద రాయరు, దాని యజమాని పేరు మీద రాస్తరు. మందకు మంద వస్తే గేదెల పేర్లు ఎవరు అడుగుతరు? సుక్కి యజమాని అమ్మ. ఏడేండ్లు సుక్కికి. పద్నాలుగు కిలోలు సుక్కివి. తాడు సుక్కి నోటికి. ఈ సంగతి నా ఉత్తరంల సుక్కి అని, కుక్క అని నాలుగుసార్లు రాసిన. నువ్వు చీటీ ఒక్కటే చదివినవ్. మీ ఆఫీసుల ఫైళ్ళు ఎట్ల కదులుతయో ఇప్పుడు సమజైంది.

అమ్మ ఈ వయసుల ఎవరినన్న కరిస్తే నిన్నే కరుస్తది. నేనే పట్టుకొని చూపిస్త.

నవ్వులాట కాదు, విను. సుక్కి సెలైన్ పెడితే లేస్తుంది, ఇంటికి రాంగనే మళ్ళ పడుతుంది. డాక్టరమ్మ "ఇంట్ల నీరు తీసే గోలీలు ఎవరన్న వేసుకుంటరా, ఇదేమన్న తిన్నదా?" అని అడిగింది. చదువుకున్నది గాని ఎదుటి మనిషిని చూసి మాట్లాడుడు నేర్వలేదు. "నా ఇంట్ల డెబ్బై ఎనిమిది గోలీలకు డెబ్బై ఎనిమిది టిక్కులున్నయి" అని బుక్కు చూపిచ్చిన. బుక్కు పక్కకు పెట్టి చీటీ రాసింది. సోమ, మంగళ రెండు రోజులు దాన్ని అక్కడనే ఉంచాలంది. నేను కొత్తగూడెంల నా ఇస్కూలు దోస్తు పుష్పలత ఇంట్ల ఉండాలె. పూలి మూడు రోజులు కూసున్నది, ఇంక రాలేనన్నది, మిర్చి ఎండబోసింది.

అమ్మ చీలమండ ఇయ్యాల ఇరవై తొమ్మిది.

బత్తాయిలు ఏరుకుంటున్న,
ఫ్లోరెన్స్

తా.క.: ఆ పదకొండుమందికి నిజం నువ్వే చెప్పాలె. గుడిల లేచి నిలబడుడు నీకు వచ్చు కదా.


ఖమ్మం
16 ఫిబ్రవరి, ఆదివారం

అక్కా,

ఇయ్యాల లేచి నిలబడి చెప్పిన. గుడి మొత్తం నవ్వింది. మొన్న ఏడ్చినదానికంటే ఎక్కువసేపు.

వాళ్ళ నవ్వు ఆగినంక ఇంటికొచ్చి నీ ఉత్తరాలు మొదటినుంచి చదివిన. పూర్తిగ. అమ్మ పేజీ డాక్టర్ ఇంటికి తీసుకపోయి చూపించిన. ఈ గోలీలు ఐదు వారాలు నిజంగ పడితే వాపు ఈపాటికి దిగాలి, దిగలేదంటే గుండె ఇంకా దెబ్బతిన్నట్టు, బుధవారం వరకు చూసి ఆసుపత్రిల చేర్చాలి, మందు పెంచాలి అన్నడు. ఆ మాట వినంగనే ఆడిట్ సంగతి యాదికి రాలేదు.

రెండు రోజులు లీవు పెట్టిన. సోమవారం మొదటి బస్సుకు వస్తున్న. నువ్వు సుక్కిని తీసుకొని పో.

భయంతోని,
జయరాజ్

తా.క.: ఆదివారమని మా ఆఫీసర్ ఇంటికే పోయి లీవు అడిగితే వెంటనే సంతకం పెట్టిండు. "మీరు లేకపోయినా నడుస్తది, పోయి రండి" అన్నడు. నీకు చెప్పొద్దనుకున్న, చెప్పిన.


టేకులపల్లి, మన ఇల్లు
17 ఫిబ్రవరి, సోమవారం, సాయంత్రం

కొత్తగూడెంల ఉన్న అక్కకు,

ఇంట్ల నేను, అమ్మ ఇద్దరమే ఉన్నం. ఫోన్ల చెప్తే తెల్లారేసరికి అనలేదంటనని నువ్వే రాస్తివి. అందుకే వీరన్న చేతికి ఇస్తున్న. చదివేముందు కూసో.

నువ్వు రాసిపెట్టినట్టే అన్నీ చేసిన. మధ్యాహ్నం గోలీ నోట్ల వేసి, నీళ్ళు తాపి, బుక్కుల టిక్కు పెట్టిన. నువ్వైతే టిక్కు పెట్టి వంటింట్లకు పోతవు. నాకు అక్కడ పనేముంది? అట్లనే కూసున్న. అమ్మ బుగ్గల నుంచి గోలీ బయటికి తీసింది. ఇడ్లీ ముక్కల చుట్టింది. మంచం కిందికి చెయ్యి చాపింది. ఎవరు అందుకోలేదు. ఇంకొంచెం చాపింది. సుక్కి కొత్తగూడెంల ఉందని అప్పుడు యాదికొచ్చి తల ఎత్తింది. నేను ఆమెను చూసిన, ఆమె నన్ను చూసింది.

అక్కా, నీ డెబ్బై ఎనిమిది టిక్కులు సరిగ్గనే ఉన్నయి. గోలీలే సుక్కి కడుపుల ఉన్నయి. డాక్టరమ్మకు ఏం చెప్తవో నువ్వే ఆలోచించుకో, కానీ ఇయ్యాలనే చెప్పు.

"ఎందుకమ్మా?" అని అడిగిన. "వాపు తగ్గంగనే నన్ను తీసుకపోతవు కదరా, రాసిచ్చినవు కూడ" అన్నది. తీసుకపోను అన్న. నమ్మలేదు. కాగితం తెమ్మన్నది. "నిన్ను ఖమ్మం తీసుకపోను, శని, ఆదివారాలు నేనే ఇక్కడికొచ్చి నీ దగ్గర ఉంట" అని రాసి సంతకం పెట్టిన. రెండుసార్లు చదివించుకొని, గోలీ మింగి, నాలుక బయటపెట్టి చూపించింది. సాయంత్రం వరకు నాలుగుసార్లు లేపి బాత్రూంకు తీసుకపోయిన. డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పిన. మందు పెంచొద్దు, ఉన్నదే సరిగ్గ మింగించుమన్నడు.

కింద అమ్మ చెప్తుంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నది.

నీ తమ్ముడు,
జయరాజ్

తా.క.: ఫ్లోరా, వీడు సగమే రాసిండు. ఖమ్మం పోవుడు ఇష్టం లేదన్నది నిజమే. కానీ క్రిస్మస్‌కు వీడు నోట్ల కేకుతోని ఆ మాట అనంగనే నువ్వు లేచి నా బట్టల సందుగ దులిపినవు. చీరలు మడతబెట్టి లిస్టు రాసినవు. పదకొండు చీరలు, రెండు దుప్పట్లు, ఒక స్వెటర్. ఇంకా రెండు నెలలకు పోయే మనిషికి అప్పుడే లిస్టు. నేను మంచం మీదకెల్లి చూస్తనే ఉన్న. సుక్కికి నేను చేసింది తప్పే, దాని కాళ్ళు పట్టుకుంట. అది లేచినంక తీసుకొని జల్దీ రా. ఆ లిస్టు పేజీ నీ బుక్కులకెల్లి చింపిచ్చిన. చీరలు నా చేతులతోనే మళ్ళ అల్మారల పెట్టుకున్న. వీడు సాయం పట్టబోతే వద్దన్న, మడత రాదు వీనికి.