నోరు మూసుకున్న ఆదివారం

జూన్ 8, ఆదివారం. కోదాడ బస్టాండ్

ఈరోజూ గెలిచాం. నేనే గెలిపించాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాసుకోవచ్చు.

ప్రేమ్‌కుమార్ కోదాడలో తన మొబైల్ షాపు మీది గదిలో గేమ్ నడుపుతాడు. కథ అతనిది: అడవి, వాగు, బందిపోట్ల కోట. మంగ్త్యా, సుజాత, నేను ఆ కథలో మనుషులం. ఏం చేస్తామో మేం చెప్పాలి, అయిందో లేదో డైస్ వేస్తే పడిన అంకె చెప్తుంది. మంగ్త్యా నా ఇంజనీరింగ్ బ్యాచే, ఇప్పుడు దామరచర్ల కరెంటు ప్లాంటులో ఉద్యోగం. ప్రేమ్, సుజాత మా జూనియర్లు.

"ఏం చేస్తారు?" అని ప్రేమ్ అడగడమే ఆలస్యం, నేను చెప్పేస్తాను. మంగ్త్యా ఫోన్ చూసుకుంటాడు. సుజాత తలూపుతుంది. ఎవరో ఒకరు నడపాలి కదా.

జూన్ 13

మా వాట్సాప్ గ్రూపులో మంగ్త్యా మెసేజ్. ఆదివారం డ్యూటీ పడిందట. గేమ్ క్యాన్సిల్.

జూన్ 15, ఆదివారం సాయంత్రం

ఇక్కడ మా సూర్యాపేటంతా ఉక్కపోత. కూర్చోలేను, పడుకోలేను. ఫోన్ తీస్తే సుజాత స్టేటస్: ప్రేమ్ గది, డైస్, పక్కన మంగ్త్యా నవ్వుతూ. మళ్ళీ చూసేసరికి లేదు. డిలీట్ చేసింది.

జూన్ 16

ప్రేమ్‌కి ఫోన్ చేశాను. కాసేపు నసిగాడు. తర్వాత, "తప్పుగా అనుకోకక్కా. నువ్వుంటే గేమ్ తొందరగా అయిపోద్ది. నిన్న వాళ్ళిద్దరూ తెగ పోట్లాడుకున్నారు, చివరికి ఓడిపోయారు. అయినా లేవబుద్ధి కాలేదు" అన్నాడు.

జూన్ 17

ఓడిపోయారట! నేనుంటే ఓడనిచ్చేదాన్నా?

జూన్ 18

డ్యూటీ అని అబద్ధం ఎందుకు చెప్పావని మంగ్త్యాకి ఫోన్ చేసి నిలదీశాను. తిరిగి నన్నే అడిగాడు.

"ఆర్నెల్ల సంది ఆడుతున్నం గదా కళ్యాణీ. నా క్యారెక్టర్ పేరేందో చెప్పు సూద్దాం."

విలుకాడు అన్నాను.

"అది వాడు చేసే పని. పేరు లాల్యా. మా తాత పేరు పెట్టుకున్న."

ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను.

జూన్ 22, ఆదివారం. బస్సులో

పిలవకపోయినా వెళ్ళాను. ఒక్క మాట మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్ళాను.

కథలో వాగు పొంగింది. ఒడ్డున పడవవాడు. వాడి మెడలో నల్లతాడు ఉందన్నాడు ప్రేమ్. పోయిన నెల మాకు పట్టుబడిన బందిపోటు మెడలోనూ అదే తాడు. నాకు వెంటనే తట్టింది. "ఏం చేస్తారు?" అన్నాడు. ఇద్దరూ నా వైపే చూశారు. నేను సీసా ఎత్తి నీళ్ళు తాగాను.

పడవెక్కుదామంది సుజాత. ఎక్కాం. నడివాగులో వాడు పడవ తిప్పేశాడు. మంగ్త్యా, నేను ఒడ్డు చేరాం. సుజాత క్యారెక్టర్ మునిగిపోయింది.

"అక్కా, గా తాడు సంగతి నీకు ముందే ఎర్కేనా?"

తలూపాను.

"ఎర్కుండి గూడ సప్పుడు జెయ్యలే?"

సుజాత డైస్ అక్కడే వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

మంచితనంతో కాదు నేను నోరు మూసుకుంది. కసితో.

జూన్ 23

మాట్లాడితే తప్పు. మాట్లాడకపోతే తప్పు.

జూన్ 25

నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి మిర్యాలగూడ వెళ్ళాను. సుజాత వాళ్ళ నాన్న మెడికల్ షాపులో కౌంటర్ దగ్గర ఉంది. కసితోనే చేశానని చెప్పేశాను. మందుల చీటీలు తెచ్చినవాళ్ళ మధ్య, నిలబడే చెప్పాను.

తను మందులు ఇస్తూనే ఉంది. జనం పలచబడ్డాక అంది: "నువ్వు బొమ్మలెక్క కూసున్నా గూడ నువ్వే నడిపినట్టయిందక్కా. అందరం నీ మొఖమే సూసుకుంట కూసున్నం."

టీ తెప్పించింది. కొత్త క్యారెక్టర్ రాసుకుంటోందట, గొర్రెల కాపరి. పేరేమిటని అడిగాను. ఇంకా పెట్టలేదంది. అడిగినందుకు మాత్రం నవ్వింది.

జూన్ 29, ఆదివారం. బస్సులో

కోట గోడ. కాపలావాళ్ళు తూర్పున ఉన్నారని నేను గమనించింది గమనించినట్టు చెప్పాను. గొర్రెల మందలో కలిసి లోపలికి పోదామన్నాను. ఒప్పుకోలేదు. తన గొర్రెలను చంపిస్తావా అని సుజాత కొట్లాడింది. గోడ ఎక్కుదామన్నాడు మంగ్త్యా. ఎక్కుతుండగా నా కాలు జారింది. సరిగ్గా అక్కడ ఆపేశాడు ప్రేమ్.

గోడ మీంచి వేలాడుతున్నాను. లాల్యా నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. వచ్చే ఆదివారం దాకా పట్టుకోవాలి.