తేటగా నిలిచిన సంచి

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేను పనిచేసే కరీంనగర్ బ్లడ్ బ్యాంకులో ఇవాళ, ఒకే రోజు తీసి నెల దాటిన రెండు రక్తం సంచులు చూశాను. మగమనిషి ఇచ్చిన దాంట్లో పైన తేరిన నీరు ఎర్రబారింది. ఆడమనిషి ఇచ్చిన దాంట్లో లేత పసుపుగా, తేటగా ఉంది.

"నిల్వ ఉంచితే ఆడోళ్ల రక్తకణాలు తక్కువ పగుల్తయి, గందుకే మీది నీళ్లు ఎర్రగ కాలే. శానా సంచులల్ల గిట్లనే చూసిన," అన్నది మా డాక్టరమ్మ.

ఆ సంచికి దండం పెట్టాలనిపించింది.

మందమర్రి బొగ్గుగనిలో బాపుకు దెబ్బ తగిలినప్పుడు, మొగుడికి రక్తమిస్తానని నువ్వు చెయ్యి చాపితే, "ఆడోళ్ల రక్తంల బలమేముంటది?" అన్నారు చుట్టాలు. అయినా ఇచ్చావు. బాపు బతికాడు. కానీ ఆయన కాస్త నీరసపడితే చాలు, నీ రక్తాన్నే తిట్టుకునేదానివి.

సాయంత్రం బాపుకు ఇదంతా చెప్పాను. ఆయన ముంజేతి నరాన్ని మెల్లగా నిమురుకున్నాడు.

"గా సంగతి నన్నడిగితే ఎప్పుడో చెప్తుంటి గదా, బిడ్డా!" అన్నాడు.