తాడులో తీగ

విభూది బుధవారం, మధ్యాహ్నం

ప్రియమైన అక్కయ్యకు,

నుదుట బూడిద తుడుచుకోకుండానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇవాళ ఉపవాసం. అక్షరాలు వంకర పోతే ఆ వంకర నా చదువుది కాదని గ్రహించు. నీ కిందటి ఉత్తరంలో ఒక వాక్యం "ఆరోగ్యముగా ఉన్నావా" అనీ, పక్క వాక్యమే "ఏం చేస్తన్నావ్" అనీ రాశావు. ఒకే కాగితం మీద రెండు రకాల తెలుగు ఎందుకక్కా? ఏదో ఒక దారిన నడువు. చిన్నప్పటి లాగా "పోరా పంతులూ" అని వెక్కిరిస్తావని తెలుసు. వెక్కిరించు, ఫరవాలేదు.

ఇవాళ గుడిలో జరిగినది చెబుతాను. బూడిద పూయడం ముగిశాక ఫాదర్ గారు ఎప్పటి మాదిరిగానే ఇత్తడి గిన్నె తెచ్చి పీఠం మెట్టు మీద పెట్టారు. పవిత్ర శుక్రవారం నాడు వీధుల్లో మేము ఆడే సిలువమార్గంలో క్రీస్తు వేషం ఎవరిదో ఆ గిన్నెలోని చీటీ తేలుస్తుంది. పేరు వేసుకునే హక్కు ఈ గుడి విచారణ కిందికి వచ్చే మగవాళ్ళందరికీ ఉన్నది. చీటీ తగిలినవాడికి ఉండే నియమం నీవు మరచిపోయి ఉండవు, నాన్న కాలం నుంచీ వస్తున్నదే. ఇవాళ్టి నుంచి ఆ శుక్రవారం దాకా వాడు తిట్టినవాడికి బదులు చెప్పకూడదు, కొట్టినవాడి మీద చేయెత్తకూడదు. వాడి మీద కసి ఉన్నవారు ఎవరైనా సరే వెళ్ళి మొహం మీదనే చెప్పుకోవచ్చు. వాడు తలవంచుకొని వినాలి.

ఫాదర్ గారు చీటీ విప్పి వెల్డర్ పేరు చదివారు. గుడిలో తలలన్నీ మా బల్ల వైపు తిరిగాయి.

నా కొడుకు చేయి విరిచినవాడు వీడేనని నీకు తెలుసు. ఎలా విరిచాడో నేను నీకు ఇంతవరకు రాయలేదు, రాయడానికి మనసు రాలేదు. ఇవాళ రాస్తాను. మూడేళ్ళ కిందట అతిదూత మిఖాయేలు పండుగ ఊరేగింపు గుడి గుమ్మం దాటింది. స్వరూపాన్ని మోసే పల్లకి ముందు కొయ్య కింద నావాడు భుజం పెట్టి ఉన్నాడు. వెల్డర్ తాగి వచ్చి, "ముందు కొయ్య నాది, లేరా" అన్నాడు. నావాడు మెల్లగానే, "తాగి మోయకూడదన్నా, వెనకాల నడువు" అన్నాడు. అంతే. పల్లకి అడుగున బిగించే ఇనుప కడ్డీని ఊడబెరికి వెల్డర్ నావాడి మోచేతి మీద వేశాడు. పచ్చికొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది. నావాడు కూలబడితే, పడినవాడి అదే చేతి మీద మళ్ళీ మళ్ళీ వేశాడు. చొక్కా చేతిని చీల్చుకొని ఎముక బయటికి రావడం నేను కళ్ళారా చూశాను. పల్లకి ఒరిగి అతిదూత రాళ్ళ మీద పడ్డాడు. కత్తి పట్టిన చేయి ఒక పక్కకు, తల మురుగుకాలవలోకి పోయాయి. నా కొడుకు రక్తపు మడుగులో పడి ఉండి, "నాన్నా, ముందు స్వరూపాన్ని ఎత్తండి" అన్నాడు.

వైరింగు పని చేసి ఇళ్ళకు వెలుతురు పెట్టిన నా కొడుకు ఇప్పుడు ఎవరి దుకాణంలోనో బల్బులు అమ్ముతున్నాడు. ఆ కుడిచేయి భుజానికి వేలాడుతుంటుంది, అంతే. చొక్కా గుండీలు నేను పెడుతున్నాను. వెల్డర్ శిక్ష ముగించుకొని మొన్న క్రిస్మసు ముందటి ఆగమన కాలంలో తిరిగివచ్చాడు. ఇక నుంచి వాడు మా క్రీస్తు.

బయటికి వస్తూ నా కొడుకును, "నీకేమీ అనిపించలేదా?" అని అడిగాను. "చీటీ చీటీయే కదా నాన్నా" అని ముందుకు నడిచాడు.

నీ తమ్ముడు,
పంతులు


పునీత జోజప్ప గారి పండుగ

అక్కయ్యా,

నీ జవాబు అందింది. వెల్డర్‌ను క్షమించమని రాశావు. వాక్యం నిర్దోషంగా ఉన్నది, పాటించడమే నా వల్ల కాలేదు.

జనం నియమాన్ని బాగా వాడుకుంటున్నారు. చేపల దుకాణం ఆమె వెల్డర్ షెడ్డుకు వెళ్ళి, ఎప్పటిదో పాత గొడవ ఎత్తి వాడి మొహం మీద ఉమ్మింది. మంగలి వాడిని గోడకు అదిమి మెడ పట్టుకున్నాడట. "నీకు ముళ్ళకిరీటం దేనికిరా, మేకుల టోపీ పెట్టి సుత్తితో దిగ్గొట్టాలి" అని దర్జీ వీధి మధ్యలో అరిచాడు. ఒకడు తన్నిన తన్నుకు పెదవి చిట్లింది. వెల్డర్ తలవంచుకొని అన్నీ పడ్డాడు. పడేకొద్దీ ఆడవాళ్ళు "పాపం" అనడం మొదలుపెట్టారు. అక్కా, ఆ "పాపం" అన్న మాట విన్నప్పుడల్లా వీధి మారి నడుస్తున్నాను. నా కొడుకు చేతికి ఇంతమంది "పాపం" అనలేదు.

రిహార్సళ్ళు బడి హాలులో సాగుతున్నాయి. సంభాషణలు నావే కాబట్టి ఉచ్చారణ బాధ్యతా నాదే. కొరడా పట్టే సైనికుల నాయకుడిగా నీ కొడుకు బండను పెట్టాను. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు ఎత్తి ఎత్తి వాడి చేతులు దూలాలయ్యాయి. మాట మాత్రం సగం మింగుతాడు. సరిదిద్దితే, "కొట్టేవాడికి వ్యాకరణం ఎందుకు మామయ్యా?" అంటాడు. "కొట్టేవాడికే కావాలిరా, తిట్టు తప్పుగా ఉంటే దెబ్బకు పరువు ఉండదు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వుతూ నేను దాచుకున్నది నీకొక్కదానికే చెబుతున్నాను. కొరడా నీకు తెలిసినదే. జనపనారతో పేని, ఎర్ర రంగులో నానబెడతాము. క్రీస్తు అంగీ లోపల వీపు మీద దూది కుక్కిన గోనె పట్టీ కడతాము. దెబ్బ పట్టీ మీద పడుతుంది, రంగు అంగీకి అంటుతుంది, జనం ఏడుస్తారు, ఎవరికీ ఏమీ కాదు. కొరడా పేనేదీ, పట్టీ కుట్టేదీ ప్రతి ఏడూ నేనే. ఈ ఏడు పట్టీలోని దూది తీసివేశాను. నారలో ఉక్కుతీగ కలిపి పేనాను. గోడల్లో వైర్లు లాగడానికి నా కొడుకు వాడిన తీగ అది, వాడి పాత పనిముట్ల సంచిలోనే దొరికింది. ముక్కలుగా కత్తిరించి మొనలు బయటికి వంచాను. చేతివేళ్ళన్నీ గుచ్చుకున్నాయి. గులాబీ చెట్టు కత్తిరించానని చెప్పాను.

బండకు ఏమీ తెలియదు. కొట్టే చేయి బరువైనది కావాలి, అందుకే వాడిని ఎంచుకున్నాను. పాపం పేనినవాడిదే తప్ప కొట్టినవాడిది కాదని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. రంగు ఎరుపు, రక్తమూ ఎరుపే. వెల్డర్ నియమం ప్రకారం నోరెత్తడు. వీధి చివరకు చేరేసరికి వాడి వీపు ఎలా ఉండాలని కోరుకుంటున్నానో రాయను. మనసులో ఇది పెట్టుకొని అందుకోకూడదు కాబట్టి మొన్న ఆదివారం పూజలో దివ్యసత్ప్రసాదానికి లేవలేదు. ఫాదర్ గారు అడిగితే మోకాలి నొప్పి అన్నాను.

నా కొడుకు సాయంత్రాలు వెల్డర్ షెడ్డుకు పోతున్నాడు. కసి చెప్పుకునే హక్కు అందరికన్నా వాడికే ఎక్కువ. "ఏం చెప్పావురా?" అని అడిగాను. "చాలా చెప్పాను నాన్నా" అన్నాడు. ఆ షెడ్డు దద్దరిల్లేటట్టు తిట్టి ఉంటాడని సంతోషించాను.

ఈ ఉత్తరం చదివి ఫాదర్ గారికి రాయకు. రాసినా నా మనసు మారదు.

నీ తమ్ముడు


పాస్కా ఆదివారం

అక్కయ్యా,

పై పెదవికి కుట్లు పడ్డాయి. ముందు పళ్ళు లేవు. పిల్లలకు జీవితమంతా దంత్యాలు నేర్పినవాడికి ఇప్పుడు త, థ, ద, ధ పలకడం రావడం లేదు. రాయడానికి పళ్ళతో పని లేదు కాబట్టి రాస్తున్నాను.

పవిత్ర గురువారం పాదాలు కడిగే వేళ, శిష్యులుగా కూర్చునే పన్నెండుమందిలో ఒకడైన సమాధుల కాపరికి జ్వరం వచ్చింది. ఖాళీ కుర్చీ చూసి ఫాదర్ గారు ముందు వరుసలో ఉన్న బండను వేలితో పిలిచారు. వాడు బూటు విప్పితే సాక్సులోంచి బొటనవేలు బయటికి చూస్తున్నది. సిగ్గుతో ముడుచుకుపోయాడు. గురువారం పాదాలు కడిగించుకున్నవాడు శుక్రవారం కొరడా పట్టకూడదు. ఆ ఆచారాన్ని ఏటేటా అందరికీ గుర్తుచేసేది నేనే. కాబట్టి నోరు మెదపలేకపోయాను. బదులు మనిషిని తామే చూసుకుంటామని సైనికుల వేషగాళ్ళు అంటే, ఎవరు పట్టినా తాడు తన పని తాను చేస్తుందిలే అనుకున్నాను.

శుక్రవారం మూడు గంటలకు పిలాతు మేడ అనే బల్ల మీద, తెర వెనక నిలబడి మాటలు అందిస్తున్నాను. సైనికులు వెల్డర్‌ను తోసుకుంటూ వచ్చారు. సిలువ మాను వాడి భుజం మీద ఉన్నది. శిరస్త్రాణం కళ్ళ దాకా దించుకున్న కొత్త నాయకుడు కొరడా ఎత్తాడు. ఎడమచేత్తో ఎత్తాడు. కుడిచేయి అంగరఖాలో వేలాడుతున్నది.

నేను అరవవచ్చు అక్కా. మాటలు అందించేవాడిని, నా గొంతు వీధి చివరకు వినబడుతుంది. అరవలేదు. నావాడికి విషయం తెలిసిపోయిందనీ, తన బాకీ తానే తీర్చుకోవడానికి వచ్చాడనీ అనుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగింది ఆనందమే. మరో పేరు పెట్టను.

మొదటి దెబ్బకు వెల్డర్ మోకాళ్ళు వంగాయి. రెండో దెబ్బకు అంగీ చీలింది. "ఎంత బాగా చేస్తున్నాడో" అని ఎవరో అన్నారు. మూడో దెబ్బకు మొనలు కండలో దిగి తాడు ఊడిరాలేదు. బట్టకు తగులుకున్నదనుకొని నావాడు బలంగా లాగాడు. బట్టతో పాటు చర్మం కూడా పట్టీలా లేచి వచ్చింది. ఎర్రటి చినుకులు నావాడి మొహం మీద పడ్డాయి. వాడు ఆగిపోయాడు. రంగు చల్లగా ఉంటుంది, ఇది వేడిగా ఉన్నది.

తాడులో ఏమున్నదో చూడడానికి కొసను గుప్పిట పట్టాడు. అప్పటికే వెల్డర్ తమ్ముడు గుంపులోంచి దూకి పిడిని గుంజాడు. తీగ మొనలన్నీ నా కొడుకు ఎడమ అరచేతిని దున్నుకుంటూ పోయాయి. ఎముక తెల్లగా కనిపించింది.

"చెయ్యి పోయినోడివని జాలిపడితే, తీగ పెట్టి చంపుతావురా?" అంటూ తమ్ముడూ, వాడి మనుషులూ నావాడిని కింద పడేసి తన్నారు. కడుపులో, మొహం మీద, ఎక్కడపడితే అక్కడ తన్నారు. శిరస్త్రాణం దొర్లిపోయింది. అప్పుడు వెల్డర్ సిలువ మానును విసిరేసి నావాడి మీద బోర్లా పడ్డాడు. ఒలిచిన ఆ వీపు మీద తన తమ్ముడి కాలే పడింది.

"వాడు కాదురా" అన్నాడు. "రోజూ నా దగ్గరికి వచ్చేవాడు. చంపాలనుకుంటే షెడ్డులోనే చంపేవాడు."

నేను బల్ల దిగి వచ్చి, "ఆ తీగ నేను పెట్టాను" అన్నాను. ఎవరూ నమ్మలేదు. "కొడుకు కోసం అబద్ధం ఆడుతున్నారు మాస్టారూ, మీకు తగదు" అన్నాడు దర్జీ. నా మాట మీద ఊరు పెట్టుకున్న నమ్మకమే నా నిజానికి అడ్డుపడింది. పది వేళ్ళూ చాచి గాట్లు చూపించాను. పట్టీ విప్పించి దూది లేదని చూపించాను. అప్పుడు వెల్డర్ తమ్ముడు కొరడా పిడితో నా నోటి మీద కొట్టాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఆ దెబ్బలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

ఆసుపత్రిలో వాళ్ళిద్దరివీ పక్కపక్క మంచాలు. వెల్డర్ బోర్లా పడుకొని ఉన్నాడు. పోలీసులు వస్తే, "నాటకంలో తగిలింది" అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. నా కొడుకు అరచేతి కుట్లు పూర్తయ్యాక, రెండు వేళ్ళు మునుపటిలా వంగకపోవచ్చునని డాక్టరు చెప్పి వెళ్ళాడు. అప్పుడు వాడు నాతో మాట్లాడాడు.

"ఎడంచేత్తో వెల్డింగ్ నేర్చుకుంటున్నాను నాన్నా, అన్న దగ్గర. మొన్ననే అతుకు తిన్నగా వచ్చింది. మీకు చూపిద్దామనుకున్నాను."

"మరి కొరడా ఎందుకు పట్టావురా?" అన్నాను. నా నోటి నుంచి వచ్చినది మాటలా లేదు, అయినా వాడికి అర్థమైంది.

"ఆయనే అడిగాడు. నీ చేత్తో కొడితే నాకు కొంచెం తేలికవుతుంది అన్నాడు. ఉత్తుత్తి దెబ్బే కదా, పోనీలే అనుకున్నాను." పక్క మంచం వైపు తల తిప్పాడు. "ఆయన ఒక చెయ్యి తీశాడు, తాగి తీశాడు. రెండోది మీరు తీశారు. ఉపవాసాలుండి, జపమాలలు చెప్పుకుంటూ తీశారు."

నేను రాసిన సంభాషణల్లో ఇంత సరైనది ఒక్కటి కూడా లేదక్కా.

నిన్న ఫాదర్ గారి దగ్గర నా పాపాలు చెప్పుకొని పాపసంకీర్తనం చేశాను. నీ కొడుకు చేతిని కూడా ఈ పనికి వాడుకోబోయానని చెప్పాను. ఆ మాట నీతోనూ ఒప్పుకుంటున్నాను. నీవు నన్ను క్షమించకపోతే అర్థం చేసుకుంటాను. పెద్ద ప్రాయశ్చిత్తం విధిస్తారనుకున్నాను, మోకాళ్ళ మీద ఎక్కడికైనా నడవమంటారనుకున్నాను. ఫాదర్ గారు "రేపు పూజలో మీ అబ్బాయి పక్కన కూర్చోండి" అన్నారు. అంతకంటే బరువైనది ఆయనకు తట్టి ఉండదు.

ఈ ఉదయం కూర్చున్నాను. వాడు జరగలేదు, లేచి పోలేదు, నా వైపు చూడలేదు. అల్లెలూయా పాడుతున్నప్పుడు నా నోటి కంతలోంచి గాలి మాత్రమే వచ్చింది. "ఒకరికొకరు సమాధానం తెలుపుకొనండి" అన్నారు ఫాదర్ గారు. చేతులు కలుపుకోవడానికి గుడి అంతా కదిలింది. బండ వెనక నుంచి వచ్చి నా భుజం తాకి పోయాడు. దర్జీ తల తిప్పుకున్నాడు. నేను నా కొడుకు వైపు తిరిగి చేయి చాచాను.

వాడు ఆ చేతిని చూశాడు. చుట్టుపక్కల అందరూ సర్దుకొని నిలబడ్డారు. నా చేయి అలాగే ఉన్నది. చివరికి వాడు కట్టు కట్టిన ఎడమచేతి మణికట్టును కుడిచేయి కిందికి పోనిచ్చి, ఆ చచ్చిన చేతిని కొంచెం కొంచెంగా పైకెత్తి నా అరచేతిలో పెట్టాడు.

గుండీలు పెట్టాను గాని, ఆ చేతిని నేను ఎన్నడూ పట్టుకొని చూడలేదక్కా. చాలా బరువుగా ఉన్నది. "దేవుని గొర్రెపిల్లా" అని పాట ఎత్తుకున్నారు. వాడు వెనక్కు తీసుకోలేదు. నేను వదలలేదు.

నీ తమ్ముడు