ఊరికే మోగుతోందనుకున్నాను

మంగళవారం, ఎర్రగుంట్ల.

బయట షాపులో పెట్టించిన కారు అలారం వారం నుంచి ఊరికే మోగుతోంది. సిమెంటు లారీ పక్కనుంచి పోతే చాలు, కూత మొదలు. పొద్దున ప్రొద్దుటూరుకు, దాన్ని బిగించిన ఖాజాకు ఫోన్ చేశాను.

"లారీల అదురును సెన్సార్ పట్టుకుంటాందక్కా. సాయంత్రం వచ్చి తగ్గిస్తాలే. అందాకా రిమోట్ నొక్కి ఆపు" అన్నాడు.

మధ్యాహ్నం కూరగాయలు తెచ్చి, సంచులు పైకి చేర్చి, మిద్దె మీద నుంచే రిమోట్‌తో కారు లాక్ చేశాను. కాసేపటికే మోగింది. వంట చేస్తూనే నొక్కాను. మళ్లీ మోగింది, మళ్లీ నొక్కాను. అలా మూడుసార్లు. నాలుగోసారి విసుగ్గా కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ఒక్క లారీ లేదు. కారు మాత్రం ఊగుతోంది.

పరుగున దిగాను. వెనక సీట్లో మామగారు! నేను సంచులు మోస్తున్నప్పుడు ఎక్కి కూర్చున్నట్టున్నారు. మతిమరుపు మనిషి, తలుపు ఎలా తీయాలో తెలియలేదు. ఆ ఎండలో చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. అద్దాన్ని గుద్ది గుద్ది చేతులు కందిపోయాయి.

డాక్టరు సెలైన్ పెట్టి, ప్రాణానికి భయం లేదన్నాడు. సాయంత్రం ఖాజా వచ్చి, "సెన్సార్ ఎంత తగ్గించమంటావక్కా?" అని అడిగాడు. వెనక్కి పంపేశాను.

ఇందాక అన్నం తినిపిస్తుంటే మామగారు నా చెయ్యి పట్టుకుని, "శానాసేపు పిలిచినా గదమ్మా. యాడికి పోయింటివి?" అన్నారు.

ఇంట్లోనే ఉన్నాను, రిమోట్ నొక్కుతూ...