అద్దాల సంచిలో నా ముఖం

మంగళవారం రాత్రి

అమ్మ కుట్టిన అద్దాల సంచిని పొద్దున డాబా మీద ఫోటో తీసి మా ఆన్‌లైన్ షాపులో పెట్టాను. నా ముఖం ఎక్కడా పడకుండా ఎప్పుడూ జాగ్రత్తపడతాను. సాయంత్రం ఎవరో ఒకతను మెసేజ్ పెట్టాడు: "సంచి కన్నా అద్దాల్లో మీరే బాగున్నారండీ. ఉండేది నల్లపాడేగా?"

ఫోటో పెద్దది చేసి చూశాను. ప్రతి అద్దంలోనూ నేనే. నా వెనక ఊరి పేరు రాసున్న మా వీధి నీళ్ల ట్యాంకు. వెంటనే తీసేశాను. అతను అదే ఫోటో తిరిగి పంపాడు.

"ఏమే, ఆర్డరొచ్చిందా? ఎన్ని కావాలంట?" అంది అమ్మ ఆశగా.

"ఊరికే రేటు అడిగారమ్మా."

చెబితే నాన్న షాపు మూయించేస్తారు. చెప్పకపోతే రేపు పాత ఆర్డరు పార్శిల్ కొరియర్‌లో ఇవ్వడానికి ఆ ట్యాంకు పక్క నుంచే ఒంటరిగా వెళ్లాలి.

ఇందాక అమ్మను లేపుదామని వెళ్లాను. సూది గుచ్చుకున్న వేలికి పసుపు రాసుకుని పడుకుంది. లేపలేకపోయాను. ఫోన్‌లో మళ్లీ అతని మెసేజ్...